‘ఈ మాట అన్నది నేనే’: డిఎన్‌ఎస్ సర్వరుకు కీ తయారుచేయడం

తెలుగులో ‘కీ’ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? గోడగడియారానికి కీ ఇస్తాం. పరీక్ష రాసిన మర్నాడు ‘కీ వచ్చిందా?’ అని అడుగుతాం. కంప్యూటరు బోర్డు మీద కీ నొక్కుతాం. ఇంటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోస్తావాళ్లకు అది తాళంచెవి, సీమవాళ్లకు బీగం చెవి. డాలీగంజ్‌లో మా తరగతిలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇళ్ల పిల్లలున్నారు. బదిలీ మీద ఈ ఏడే కర్నూలు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈ మాటలన్నీ ఒకే బెంచీ మీద వినిపిస్తాయి.

ఈ పాఠంలో మనం నేర్చుకునే కీ వీటిలో ఏదీ కాదు. దానితో ఏ తలుపూ తెరుచుకోదు. ‘ఈ మాట అన్నది నేనే, దారిలో ఎవరూ మార్చలేదు’ అని రుజువు చేయడమే దాని పని. ఆ లెక్కన అది తాళంచెవి కన్నా పాతకాలపు రాజముద్రకు దగ్గర. ఈ తేడా పట్టుకుంటే మిగతా పాఠం సులువు.

ముందుగా డిఎన్‌ఎస్ అంటే ఏమిటో చూద్దాం. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో వెతుక్కుంటాయి. మనకేమో పేర్లే గుర్తుంటాయి. పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటే డిఎన్‌ఎస్. ఇంటర్నెట్ ఇంకా చిన్నదిగా ఉన్న రోజుల్లో పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆ ఫైలును నిర్వహించేది, మిగతావాళ్లు కాపీ తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ పనిని పంచే పద్ధతిని రూపొందించాడు. ఎవరి పేర్ల జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది. పైవాడికి కిందివాడు ఎక్కడున్నాడో తెలిస్తే చాలు.

ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తామో గుర్తు చేసుకోండి. పైన మనిషి పేరు, ఆ తర్వాత ఇంటి నంబరు, వీధి, డాలీగంజ్, శ్రీ విజయపురం, చివర అండమాన్ నికోబార్. తపాలావాళ్లు మాత్రం కింది నుంచి పైకి చదువుతారు. ముందు రాష్ట్రమో కేంద్రపాలిత ప్రాంతమో చూస్తారు, ఆ తర్వాత ఊరు, వీధి, చివరికి మనిషి. వెబ్‌సైటు పేరును డిఎన్‌ఎస్ కూడా అలాగే కుడి నుంచి ఎడమకు చదువుతుంది. ‘డాట్ ఇన్’ అనేది చివర ఉంటే ముందు దాన్ని చూస్తుంది. దానికీ కుడివైపున మనం రాయని, కంటికి కనబడని ఒక చుక్క ఉంది. అదే మూలం, రూట్. అక్కడ అడిగితే ‘ఇన్’ ఎక్కడుందో చెబుతుంది, ‘ఇన్’ను అడిగితే దాని కిందివాణ్ణి చూపిస్తుంది. ఇలా మెట్టు మెట్టు దిగి అంకె తెచ్చుకుంటాం.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ప్రశ్నా జవాబూ రెండూ పోస్టుకార్డుల్లా తిరుగుతాయి. కవరు లేదు, సంతకం లేదు. జవాబు నిజంగా అడిగినచోటి నుంచే వచ్చిందో లేదో చూడడానికి మొదట్లో ఉన్న ఆధారం ప్రశ్న మీద వేసే ఒక వరుస సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యకు 65,536 అవకాశాలే ఉన్నాయి. మనిషికి అది చాలా పెద్ద లెక్క. కంప్యూటరుకు కాదు. 2008లో డాన్ కామిన్‌స్కీ అనే పరిశోధకుడు, దొంగ జవాబులను వరసగా విసురుతూ ఆ సంఖ్యను కొద్దిసేపట్లోనే అందుకునే దారి ఉందని కనుక్కున్నాడు. కనుక్కుని ఊరంతా చాటలేదు. సాఫ్ట్‌వేరు తయారుచేసే సంస్థలకు రహస్యంగా చెప్పాడు. అవన్నీ కలిసి ఆ ఏడు జులై 8న ఒకేసారి మరమ్మతులు విడుదల చేశాయి. ఆ మరమ్మతు ఊహించాల్సిన సంఖ్యను పెద్దది చేసింది, అంతే. అసలు మందు సంతకమే. కీల కథ అక్కడ మొదలవుతుంది.

ఇది మన ద్వీపాల్లో కాస్త ఎక్కువగానే ఆలోచించాల్సిన విషయం. ఇక్కడి నుంచి చెన్నైకి ఓడలో దాదాపు మూడు రోజులు. అందుకే ఓడ టికెట్టు దగ్గరి నుంచి పరీక్ష ఫలితాల దాకా చాలా పనులు తెర మీదే అవుతాయి. మొన్నమొన్నటిదాకా ఇక్కడి ఇంటర్నెట్టు ఉపగ్రహం మీదే నడిచేది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు మన ప్రశ్న వెళ్లి రావాలి. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగిన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ తీగ చెన్నైని మన ఊరితో, ఇక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి ఏడు చోట్లతో కలిపింది. వేగం వచ్చింది, సంతోషం. కాని వేగానికీ నిజానికీ సంబంధం లేదు. దొంగ జవాబు కూడా అదే తీగ మీద అంతే వేగంగా వస్తుంది. టికెట్ల సైటు అనుకుని అచ్చం అలాగే ఉన్న మరో సైటులో నాన్నగారి కార్డు నంబరు కొట్టామంటే, తప్పు మన కళ్లది కూడా కాదు. పేరు సరిగ్గానే కొట్టాం. అంకె చెప్పినవాడు అబద్ధం చెప్పాడు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. కంప్యూటరు ఉపాధ్యాయుల సాయంతో మేము ల్యాబ్‌లో రెండు పాత కంప్యూటర్లకు లైనక్స్ ఎక్కించి, బైండ్ అనే డిఎన్‌ఎస్ సాఫ్ట్‌వేరు పెట్టాం. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు అది. ఇప్పటికీ ఎన్నో చోట్ల నడుస్తోంది. పేర్ల జాబితాకు ‘ద్వీపం డాట్ టెస్ట్’ అని పేరు పెట్టాం. ‘టెస్ట్’ అనే చివరను ఎవరూ కొనలేరు, ప్రయోగాలకోసమే దాన్ని విడిగా ఉంచారు. కాబట్టి మన ప్రయోగం బయటివాళ్ల దారికి అడ్డు రాదు. ఒక కంప్యూటరు ప్రైమరీ, అసలు జాబితా దానిది. రెండోది సెకండరీ, ప్రైమరీ నుంచి కాపీ తెచ్చుకుంటుంది. ఒకటి పడిపోయినా రెండోది జవాబిస్తుంది.

సెకండరీ వచ్చి ‘జాబితా ఇవ్వు’ అంటే ప్రైమరీ ఇస్తుంది. కాని వచ్చింది సెకండరీయే అని నమ్మకమేమిటి? దీనికి వాడేది టిసిగ్ అనే పద్ధతి. ఇద్దరికీ ఒకే రహస్యం తెలిసి ఉంటుంది. పంపే ప్రతి మాటనూ, ఆ రహస్యాన్నీ కలిపి ఒక లెక్క వేసి, వచ్చిన ఫలితాన్ని మాట చివర అతికిస్తారు. అవతలివాడు తన దగ్గరున్న రహస్యంతో అదే లెక్క వేస్తాడు. రెండూ కలిస్తే సరే. రహస్యం మాత్రం ఎప్పుడూ తీగ మీద ప్రయాణం చేయదు. ఈ పద్ధతిలో మాకు బాగా నచ్చింది అదే.

ఆ రహస్యాన్ని తయారుచేసే ఆదేశం పేరు ‘టిసిగ్-కీజెన్’. దాని పక్కన కీకి ఒక పేరు ఇవ్వాలి. మేము ‘ముద్ర’ అని ఇచ్చాం. క్షణంలో తెర మీద మూడు సంగతులు వస్తాయి. కీ పేరు, లెక్క వేసే పద్ధతి (మామూలుగా హెచ్‌మ్యాక్-షా256), 44 గుర్తుల రహస్యం. ఆ గుర్తుల వెనుక ఉన్నవి 256 బిట్లు. అలాంటి రహస్యాలు మొత్తం ఎన్ని ఉండగలవో అంకెల్లో రాస్తే 78 అంకెల సంఖ్య వస్తుంది. పోయిన పేరాలోని 65,536తో పోల్చి చూడండి అనడం కూడా అన్యాయమే.

ఇక్కడ ఒక అమ్మాయి అడిగింది. ‘మనమే ఏదో ఒకటి రాసేస్తే పోదా, ఆదేశం ఎందుకు?’ అని. మంచి ప్రశ్న. అందరినీ కాగితం మీద తోచినట్టు 20 అంకెలు రాయమన్నాం. నిజంగా ఏ క్రమమూ లేని 20 అంకెల్లో ఒకే అంకె పక్కపక్కన రావడం సగటున రెండు చోట్ల ఉండాలి. తరగతిలో చాలామంది కాగితాల్లో ఒక్కచోటా లేదు! ‘55’ అని రాయగానే అది ‘తోచినట్టు’ లేదని మనసు చెబుతుంది, కొట్టేస్తాం. మనిషి మనసుకు యాదృచ్ఛికత చేతకాదు. దొంగ ఆ బలహీనత మీదే బతుకుతాడు. కంప్యూటరుకు కూడా ఇది తేలిక కాదు. మీట నొక్కిన క్షణాల మధ్య తేడాలు, పరికరాల చిన్న చిన్న అలజడులు పోగుచేసుకుని దానిలోంచి తీస్తుంది. పాత యంత్రాల్లో ఆ పోగు చాలక కీ తయారీ ఆగిపోతే, కీబోర్డు మీద అడ్డదిడ్డంగా కొట్టి సాయం చేసేవాళ్లు.

రహస్యం రెండు కంప్యూటర్లలోనూ ఉండాలి. దాన్ని రెండోదానికి ఎలా చేరవేయాలి? మెయిలులో పంపవచ్చు అన్నాడొకడు, వాట్సాప్ అన్నాడు మరొకడు. రహస్యాన్ని పోస్టుకార్డు మీద రాసి పంపితే ఇంత లెక్క ఎందుకు వేసినట్టు? పెన్‌డ్రైవులో తీసుకెళ్లి ఎక్కించి, అందులోంచి చెరిపేశాం. పక్క గదిలో ఉన్న యంత్రానికి ఇది సరిపోతుంది. దూరాన ఉన్నదానికైతే భద్రమైన గూఢలిపి దారిలో పంపాలి.

ఆకృతీకరణ, అంటే కాన్ఫిగరేషన్, ఇలా చేశాం. రెండు కంప్యూటర్లలోనూ కీ ఉన్న ముక్కను విడి ఫైలులో పెట్టాం. సర్వరు తప్ప మామూలు వాడుకరులెవరూ ఆ ఫైలు చదవకుండా అనుమతులు బిగించాం. అసలు అమరిక ఫైలులో ఆ విడి ఫైలును చేర్చమని ఒక్క వాక్యం రాశాం. ప్రైమరీలో ‘ముద్ర అనే కీతో వచ్చినవాడికే జాబితా ఇవ్వు’ అని, సెకండరీలో ‘ఆ ప్రైమరీతో మాట్లాడేటప్పుడు ముద్ర వాడు’ అని రాశాం. ప్రతి వాక్యం చివర సెమీకోలన్ ఉండాలి. అది మరిచిపోతే బైండ్ కదలదు. మన తెలుగు వ్యాకరణంలో వాక్యాంత బిందువు మరిస్తే ఒక మార్కే పోతుంది! సర్వరును మళ్లీ మొదలుపెట్టే ముందు ‘నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్’ అనే ఆదేశం ఇస్తే ఏ వరుసలో తప్పుందో అదే చెబుతుంది.

అన్నీ సరిగ్గా రాసినా జాబితా రాలేదు. లాగ్ తీసి చదివితే ‘బ్యాడ్‌టైమ్’ అని ఉంది. ఈ పద్ధతిలో ముఖ్యంగా మూడు రకాల తిరస్కారాలున్నాయి, మూడూ విడివిడిగా గుర్తుంచుకోవాలి. ‘బ్యాడ్‌కీ’ అంటే ఆ పేరుగల కీ అవతలివాడికి తెలియదు. రహస్యం ఒకటే అయినా పేరు రెండుచోట్లా ఒకేలా లేకపోతే ఇదే వస్తుంది. ‘బ్యాడ్‌సిగ్’ అంటే పేరు తెలుసు కాని లెక్క కలవలేదు, రహస్యంలో ఒక గుర్తైనా తేడా పడింది. ‘బ్యాడ్‌టైమ్’ అంటే గడియారాలు కలవలేదు. ప్రతి మాట మీదా సమయం కూడా ముద్ర వేస్తారు. మామూలుగా 300 సెకన్లకు మించి తేడా ఉంటే ఒప్పుకోరు. నిన్నటి మాటను దాచిపెట్టుకుని ఇవాళ మళ్లీ వినిపించే దొంగను ఆపడానికి ఇది. మా సెకండరీలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి, ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోంది. అండమాన్‌లో సూర్యుడు హైదరాబాదు కన్నా ఎంతో ముందే ఉదయిస్తాడు కదా, అందుకేమో అని ఒకరు అనుమానించారు. కాదు. మన గడియారాలూ దేశమంతటి సమయాన్నే చూపిస్తాయి, పైగా డిఎన్‌ఎస్ ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయంలో లెక్కవేస్తుంది. బ్యాటరీ మార్చి గడియారం కలపగానే జాబితా వచ్చేసింది.

టిసిగ్ ఒకరినొకరు ఎరిగిన రెండు సర్వర్లకు సరిపోతుంది. ప్రపంచంలో ఎవరైనా వచ్చి అడిగే జవాబులకు? అందరికీ రహస్యం చెప్పలేం కదా. అక్కడ వాడేది డిఎన్‌ఎస్‌సెక్. ఇందులో కీ ఒకటి కాదు, జంట. రహస్య కీతో సంతకం పెడతాం, బహిరంగ కీతో ఎవరైనా ఆ సంతకాన్ని సరిచూస్తారు. ‘డిఎన్‌ఎస్‌సెక్-కీజెన్’ అనే ఆదేశం ఇస్తే రెండు ఫైళ్లు పుడతాయి. ఒకటి అందరికీ చూపించేది, మరొకటి ప్రాణం పోయినా చూపించకూడనిది. మామూలుగా ఈ ఆదేశాన్ని రెండుసార్లు ఇస్తారు. ఒక జంట రోజువారీ జాబితా మీద సంతకాలకు, మరో జంట ఆ మొదటి జంట మీద సంతకానికి. కొత్త బైండ్‌లో అమరిక ఫైలులో ఒక విధానం పేరు రాస్తే ఇదంతా అదే చూసుకుంటుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూడమంటాం. ఎక్కాలు రానివాడి చేతిలో కాలిక్యులేటర్ ఉండి ఏం లాభం?

అయితే బహిరంగ కీ మనదేనని ఎవరు చెప్పాలి? బదిలీ పిల్లలకు ఇది చెప్పనక్కర్లేదు. కొత్త ఊళ్లో చేరేటప్పుడు టీసీ చూపిస్తాం. అందులో ప్రిన్సిపల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం నిజమేనా అని అనుమానం వస్తే పై అధికారి కౌంటర్ సంతకం అడుగుతారు. డిఎన్‌ఎస్‌సెక్‌లోనూ అంతే. మన కీ వేలిముద్రను పైవాడి జాబితాలో నమోదు చేయిస్తాం, పైవాడు దాని మీద సంతకం పెడతాడు. అతని కీ వేలిముద్ర అతనికి పైవాడి దగ్గర ఉంటుంది. చివరికి ఆ కనబడని చుక్క దగ్గరికి చేరతాం. దానికి పైన ఎవరూ లేరు.

అందుకే ఆ చుక్క కీకి చేసే మర్యాద చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రూట్‌కు 2010 జులై 15న సంతకాలు అమల్లోకి వచ్చాయి. దాని రహస్య కీ అమెరికాలో కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో, వర్జీనియాలోని కల్పెపర్‌లో కట్టుదిట్టమైన గదుల్లో ఇనప్పెట్టెల్లో ఉంటుంది. ఏడాదికి నాలుగుసార్లు వేర్వేరు దేశాల వాళ్లు వచ్చి, కెమెరాల ముందు, ప్రపంచమంతా చూస్తుండగా దాన్ని వాడతారు. ఒక్కరి చేతిలో ఎప్పుడూ ఉండదు. 2020 ఫిబ్రవరిలో ఇనప్పెట్టె తాళం మొరాయించి ఆ కార్యక్రమం కొన్ని రోజులు ఆలస్యమైంది. ఇంటర్నెట్టంతటి గూఢలిపికి అడ్డుపడింది మామూలు ఇనప తాళం!

ఇక కీ మార్పు. బదిలీ తెలిసినవాళ్లకు ఈ భాగం ఎక్కువ దగ్గర. కొత్త ఊరికి వెళ్లిన రోజే పాత చిరునామాను ఎవరూ మరిచిపోరు. బ్యాంకు, గ్యాసు, తాతగారి ఉత్తరాలు కొన్నాళ్లు పాతచోటికే వస్తాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చారు. పాత పేరు రాసిన ఉత్తరాన్ని మర్నాటి నుంచే వెనక్కి పంపేస్తే ఏమయ్యేదో ఊహించండి. కీ కూడా అంతే. కొత్తది ముందు పక్కన పెట్టాలి, అందరికీ చేరేదాకా ఆగాలి, అప్పుడు దానితో సంతకం మొదలుపెట్టాలి, పాతదాన్ని ఆఖరున తీసేయాలి. రూట్ కొత్త కీని 2017 జులైలో ప్రకటించారు. అదే ఏడు అక్టోబరు 11న మారుద్దామనుకున్నారు. కొత్త కీ ఇంకా చేరని సర్వర్లు చాలా ఉన్నాయని గమనించి వాయిదా వేశారు. సరిగ్గా ఏడాదికి, 2018 అక్టోబరు 11న మార్చారు. తొందరపడనందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

తొందరో పొరపాటో జరిగితే ఏమవుతుందో 2012 జనవరి 18న కనిపించింది. నాసా సైటు కీ మార్పులో సంతకాలు తప్పాయి. సంతకాలు సరిచూసే కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్టు సంస్థ వినియోగదారులకు నాసా సైటు మాయమైంది. సరిచూడని సంస్థల వాళ్లకు మాత్రం మామూలుగానే కనిపించింది. దాంతో కొందరు కామ్‌కాస్టే నాసాను అడ్డుకుందని అనుకున్నారు. జాగ్రత్తగా ఉన్నవాడి మీదే నింద పడింది.

ఈ కీలు చేయలేనివి కూడా చెప్పుకోవాలి. డిఎన్‌ఎస్‌సెక్ మాటను దాచదు, సంతకం పెడుతుంది అంతే. మనం ఏ పేరు అడిగామో దారిలో చూసేవాడికి కనిపిస్తూనే ఉంటుంది. ఆ పేరు గలవాడు మంచివాడని కూడా చెప్పదు. ఇప్పుడు ‘డాట్ భారత్’ అని తెలుగు లిపిలోనూ వెబ్ చిరునామాలు పెట్టుకోవచ్చు. మనకు గర్వంగానే ఉంటుంది. కాని తెలుగు ‘ర’కూ కన్నడ ‘ర’కూ తేడా చెప్పమంటే తెలుగు మాస్టార్లమైన మేమే కళ్లజోడు సర్దుకోవాలి. ఒకేలా కనిపించే అక్షరాలతో దొంగ తన సొంత పేరు కొనుక్కుని, దానికి సొంత కీతో చక్కగా సంతకం పెట్టుకుంటే కీ అభ్యంతరం చెప్పదు. అక్కడ పనికొచ్చేది అక్షరాలను నిదానంగా చదివే అలవాటే.

మా ప్రయోగంలో చివరి పని మార్చిలో వచ్చింది. ‘ముద్ర’ను పెన్‌డ్రైవులో మోసిన అబ్బాయి వాళ్ల నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. వాడు చాలా మంచివాడు, అనుమానించే ప్రశ్నే లేదు. అయినా రహస్యం తెలిసిన మనిషి వెళ్లిపోతే రహస్యం మార్చడం పద్ధతి. ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు లెక్కపెట్టడం ఎవరినీ అవమానించడం కాదు కదా. ‘ముద్ర2’ తయారుచేశాం, రెండు యంత్రాల్లోనూ పాతదాని పక్కన చేర్చాం, రెండు కీలకూ జాబితా ఇవ్వమని ప్రైమరీకి చెప్పాం. ఆ తర్వాత సెకండరీని కొత్తదానికి మళ్లించి, జాబితా వస్తోందని చూసుకుని, పాతదాన్ని రెండుచోట్లా తీసేశాం. చివరి ఆదేశం ఆ అబ్బాయే కొట్టాడు. కొత్త రహస్యం తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం ఎవరూ చెప్పకుండానే అటు తిరిగి నిలబడ్డాడు.